మెట్ల మీద అడిగేవాడు

రంగూన్‌లో బోటాటౌంగ్ రేవు వెనక సందులో ఒక పాత ఇటుక మేడ ఉంది. పొద్దుగూకితే ఆ మేడ ముందు నుంచి కుక్క కూడా నడవదని చెప్పుకుంటారు. సైకిల్ రిక్షావాళ్లు సందు మొగలోనే దింపేస్తారు. ఎంత బతిమాలినా లోపలికి రారు.

ఆ మేడ మెట్ల మీద ఒకడున్నాడట. చీకట్లో అటుగా వచ్చినవాళ్లని తెలుగులో ఒకే ఒక్క మాట అడుగుతాడట—

"ఏ దేశం?"

జవాబు చెబితే జ్వరం. చెప్పకపోయినా జ్వరమే. సరైన జవాబేమిటో ఇన్నేళ్లలో ఎవరికీ అంతుబట్టలేదు.

ఆ అడిగేవాడి పేరు సూరి అంటారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో బస్తాలు మోసుకున్నవాడు. యుద్ధం వచ్చి రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు ఈ సందు సందంతా నెత్తిన మూటలు పెట్టుకుని ఇండియాకి నడక కట్టింది. సూరి పెళ్లాం, కూతురు ఆ గుంపుతోనే వెళ్లారు. కొండదారిలో కలరా తగిలింది. వాళ్లు చేరలేదు. సూరికి ఆ కబురు ఏడాదికి గానీ అందలేదు.

ఆ తర్వాత ఇండియా విడుదల కోసమని ఇక్కడ లేచిన ఫౌజులో చేరాడు. తుపాకీ పట్టాడు, అడవుల్లో ఆకులు తిన్నాడు, ఓడిపోయి ఒంటరిగా తిరిగొచ్చాడు. రెండేళ్లకి అక్కడ ఇండియాకి స్వాతంత్య్రం వచ్చింది. ఆ వెనకే, ఒక జనవరి తెల్లవారుజామున, ఇక్కడ బర్మాకీ వచ్చింది. రెండుసార్లూ సూరి సందంతా తిరిగి బెల్లం పంచాడు.

కొన్నాళ్లకి ఒక గుమాస్తా వచ్చాడు. కొత్త దేశంలో ఎవరు సొంతవాళ్లో, ఎవరు పరాయివాళ్లో రాసుకోవాలన్నాడు. కాయితం పరిచి, నీది ఏ దేశమని అడిగాడు.

సూరి మెట్ల మీద కూర్చుని ఆలోచించాడు. గుమాస్తా విసుగెత్తి రేపొస్తానని వెళ్లిపోయాడు.

మర్నాడు వచ్చేసరికి సూరి అలాగే కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి... ఒళ్లు మాత్రం చల్లబడిపోయింది.

ఈ కథ అందరూ విన్నది బాబ్జీ నోటనే. ఆ మేడకి కాపలా ముసలాయన. కింద గదిలో ఒక్కడే ఉండేవాడు. మొన్న వానల్లో గుండె ఆగి పోయాడు. ఆయన పోయాక మేడకి తాళం కూడా ఎవరూ వెయ్యలేదు. అంత భయం.

బాబ్జీ పోయిన పదోరోజున తాయారు ఆ సందులో అడుగు పెట్టింది.

తాయారుది ఆ పక్క వీధే. యాభై రెండేళ్లు. మింగళాడోన్ వైపు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. భర్త లేడు, కూతురు రాధాకుమారి చిమిండైంగ్‌లో కాపురం. తాయారు తాతల నాడు ఆ వీధిలో తెలుగు తప్ప ఇంకో మాట వినబడేది కాదట. నడక కట్టినవాళ్లు పోగా మిగిలినవాళ్లు మెల్లగా బర్మా పేర్లు పెట్టుకున్నారు. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. ఇప్పుడు తాయారుతో తెలుగులో పోట్లాడేవాళ్లు కూడా లేరు.

ఆమె కార్డు నీలం రంగుది. ఫ్యాక్టరీలో పక్క మిషన్లవాళ్లవి గులాబీ రంగువి. నీలం అంటే సగం సొంతవాళ్లని లెక్క. ఎక్కడ తనిఖీ జరిగినా ఆ రంగు చూడగానే ఆమెని పక్కకి నిలబెడతారు. మీవాళ్లు ఎక్కణ్ణించి వచ్చారని అడుగుతారు. ఇక్కడే పుట్టాను, మా అమ్మా ఇక్కడే పుట్టింది అంటుంది. విని, మళ్లీ అదే అడుగుతారు.

ఆ సాయంత్రం బస్సు ఆలస్యమైంది. దిగేసరికి ఏడున్నర. కరెంటు లేదు. పెద్ద రోడ్డు మీద సిపాయిలు టార్చిలైట్లు వేసి ఒక్కొక్కరినే ఆపుతున్నారు. రెండేళ్లుగా ఇదే వరస. పడుచు కుర్రాళ్లని పటాలంలో చేర్చే చట్టం వచ్చినప్పటి నుంచీ వీధుల్లో మగపిల్లలు కనబడటమే తగ్గిపోయింది. తాయారుకి ఆ పూట నిలబడి జవాబులు చెప్పే ఓపిక లేదు. టార్చీ వెలుగు తన మీద పడకముందే చటుక్కున సందులోకి తిరిగింది.

నాలుగడుగులు వేశాక గానీ ఎక్కడున్నదీ గుర్తుకు రాలేదు.

వెనక్కి పోతే సిపాయిలు. ముందు మేడ. ఎక్కడో జనరేటర్ ఒకటి గురకపెడుతోంది. మేడ తలుపు సగం తెరిచి ఉంది... లోపల మెట్లు... పైమెట్టు చీకట్లో కలిసిపోయింది.

గోడ వార నడిచింది. తలుపు దాటబోయింది.

"ఏ... దేశా?"

గుసగుస. మెట్ల మీద నుంచే.

పరిగెత్తాలనుకుంది. నోరు మాత్రం తనంతట అదే తెరుచుకుంది. ఇన్నేళ్లు ఆఫీసుల్లో చెప్పీ చెప్పీ అలవాటైన నోరు.

"ఇదే నా దేసం బాబూ. ఇక్కడే పుట్టినాను. మాయమ్మా ఇక్కడే పుట్టింది."

తర్వాత మళ్లీ... అదే గొంతు, అదే నెమ్మదితో... ఆమె చెప్పింది చెవిన పడనట్టు—

"ఏ దేశా?"

చేతిలో టిఫిన్ క్యారేజీ జారి రాళ్ల మీద దొర్లింది. తాయారు వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

రాత్రంతా నిద్ర లేదు. పక్క మీద ఇటు దొర్లింది, అటు దొర్లింది. ఫోన్‌లో కూతురికి చెబితే, అమ్మవారి గుడిలో తాడు కట్టించుకో, బర్మా దేవతలు నాట్‌లకి కొబ్బరికాయా అరటిపళ్లూ పెట్టు, రెండు దేశాల దేవుళ్లనీ మొక్కితే మంచిదంది. జ్వరం వస్తుందేమోనని గంటకోసారి నుదురు తడుముకుంది తాయారు. రాలేదు.

తెల్లారాక క్యారేజీ కోసం వెళ్లింది. మగడు కొన్న స్టీలు క్యారేజీ, వదులుకోబుద్ధి కాలేదు. పగటి వెలుగులో సందు మామూలుగానే ఉంది. క్యారేజీ మాత్రం పడినచోట లేదు. మేడ గడప మీద నిలబెట్టి ఉంది. మూత సరిగ్గా బిగించి ఉంది.

తీసి చూసింది. నిన్న మధ్యాహ్నం మిగిల్చిన పులుసన్నం సగం గిన్నె ఉండాలి. మెతుకు లేదు. గిన్నె కడిగినట్టుంది. ఒక్క చీమ కూడా లేదు.

ఆ రోజు కాలర్లు రెండు వంకరగా కుట్టింది. సూపర్వైజర్ చేత చీవాట్లు తింది. సూది ఆడుతూనే ఉంది, ఆమె చెవిలో ఆ గొంతు ఆడుతూనే ఉంది. దానిలో ఏదో తేడా ఉంది. మన శ్రీకాకుళపోడైతే "ఏ దేసపోడివి" అంటాడు గానీ అలా అనడు. పైగా చివర సున్నా పలకలేదు, ముక్కులోనే మింగేశాడు.

మధ్యాహ్నం పక్క మిషన్ మీద కుట్టే బర్మా అమ్మాయి మా ఖిన్ ఎప్పట్లాగే ఆమె గిన్నెలోకి తొంగిచూసి, తనకొచ్చిన రెండు తెలుగు ముక్కల్లో, ఇవాళ ఏ అన్నా అని అడిగింది. అన్నం అనడం ఆమెకి చేతకాదు, బర్మావాళ్ల నోట చివరి సున్నా పలకదు.

తాయారు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ఆ సాయంత్రం కావాలనే సందులోకి తిరిగింది. తలుపు తోసింది. గుసగుస మొదలవకముందే తాను బర్మా భాషలో అడిగింది, ఎవరు బాబూ పైన అని.

మెట్ల మీద ఏదో కదిలింది. ఊపిరి బిగబట్టిన చప్పుడు... ఒకరిది కాదు.

ఫోన్ లైటు వేసింది. ముందు రెండు పాదాలు కనబడ్డాయి. బక్కపలచటి, మట్టికొట్టుకున్న పాదాలు. పైన వెలిసిన లుంగీ. ఆ పైన పద్దెనిమిదేళ్లు నిండీ నిండని ముఖం. వాడి వెనక గోడకి అతుక్కుని ఇంకో ముగ్గురు.

"లైటు ఆపండి ఆంటీ," అన్నాడు ముందున్నవాడు. "దండం పెడతాను."

ఆపేసింది. చీకట్లోనే మెట్టు మీద కూర్చుంది.

వాడి పేరు మిన్ జో. సందు చివర టీకొట్టు ఆవిడ కొడుకు. పటాలం జాబితాలో వాడి పేరు వచ్చిందని, ఊరు విడిచి పారిపోయాడని వీధంతా అనుకుంటోంది. తక్కిన ముగ్గురిదీ అదే కథ. ఏడు నెలలుగా ఈ మేడ మీదే ఉన్నారు. దాచింది బాబ్జీ. అన్నం మోసింది బాబ్జీ. ఎవరైనా మెట్ల దగ్గరికొస్తే అనమని ఒక మాట నేర్పిందీ బాబ్జీయే. ఆ మాట వింటే మీ తెలుగువాళ్లే కాదు, సిపాయిలు కూడా పైకి రారని చెప్పాడట. నిజంగానే రెండుసార్లు రాలేదట.

"గట్టిగా అనకూడదు, మెల్లగా అనాలి అని చెప్పాడు తాత," అన్నాడు మిన్ జో. "అర్థం మాత్రం చెప్పలేదు. ఏమిటి ఆంటీ దానికి అర్థం?"

నలుగురివీ గులాబీ కార్డులే అయ్యుంటాయి. ఈ ప్రశ్న వాళ్లనెవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. సొంత ఊళ్లో, సొంత అమ్మ టీకొట్టుకి వంద గజాల్లో, చీకట్లో నక్కి అదే ప్రశ్న జనాన్ని అడుగుతున్నారు. చెబితే ఈ కుర్రాడు ఏమనుకుంటాడు? మళ్లీ ఆ మాట అనగలడా?

"అన్నం తిన్నావా అని," అంది తాయారు.

"అంతేనా? మరి అందరూ ఎందుకు పారిపోయారు?"

గోడ దగ్గర నుంచి ఇంకో గొంతు, అందరికన్నా చిన్నది, మెల్లగా అంది:

"తాత దాచిన అటుకులు అయిపోయాయి. నిన్న మీ పులుసన్నం తప్ప మేమైతే తిని రెండ్రోజులైంది."

తాయారు లేచింది. నేనొచ్చి మూడుసార్లు దగ్గేదాకా ఎవ్వరూ కిందకి దిగొద్దని చెప్పి, గబగబా ఇంటికెళ్లి బొగ్గులు రాజేసింది. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నె కూతురి పెళ్లికి కొన్నది. దాన్నిండా బియ్యం పోసింది.

మర్నాడు పొద్దున్నే బస్సు కోసం నిలబడ్డ జనంలో తాయారు మెడకి అమ్మవారి తాడు కట్టుకుని, ముఖం పీక్కుపోయి కనబడింది. ఏమైందని మా ఖిన్ అడిగిందో లేదో, మొదలుపెట్టింది... మెట్ల మీద సూరిని తాను కళ్లారా చూశానని, కాళ్లు నేలకి తగల్లేదని, తన చేతిలో అన్నం లాక్కున్నాడని. వింటున్నవాళ్లలో యూనిఫారం వేసుకున్న సిపాయి ఒకడున్నాడు. తాయారు వాడివైపే తిరిగి, మిగతాది, అటు వెళ్లినవాళ్లకి పట్టే జ్వరం సంగతి, గొంతు తగ్గించి చెప్పింది.

వారం తిరక్కుండా పక్క సందువాళ్లు కూడా అటు నడవడం మానేశారు.