రుజువు మనిషి

కుళాయి తిప్పితే నీళ్లు రావు, కోడ్ వస్తుంది. అది కూడా తిప్పిన మనిషికి రాదు, ఎక్కడో ఉన్న ఇంకో మనిషికి వస్తుంది. 2090 నాటికి విజయవాడలో గానీ బందరులో గానీ దీన్ని అందరూ వింతగా చూడడం మానేశారు.

ముఖానికీ, వేలిముద్రకీ, కంటిపాపకీ యంత్రాలు నకళ్లు తయారు చేయగలిగిన తర్వాత ఇళ్లను కాపాడుకోవడానికి మిగిలిన దారి ఇదొక్కటే. ప్రతి ఇంటి ఖాతాకూ ఒక రుజువు మనిషి ఉండాలి. అతను ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడినవాడు కాకూడదు, దూరంగా ఉన్నవాడై ఉండాలి. తలుపు తెరవాలన్నా, పొద్దున్నే కుళాయీ పొయ్యీ మేలుకోవాలన్నా అతని ఫోనుకు కోడ్ వెళ్తుంది. ఇంటివాళ్లు అతనికి ఫోన్ చేస్తారు. అతను ఆ అంకెలను నోటితో చదువుతాడు. ఇల్లు వింటుంది. గొంతు ఒక్కటే సరిపోదు. మాట తీరు, ఆగే చోటు, మధ్యలో తీసుకునే ఊపిరి, అన్నీ కలిపి చూస్తుంది. దాన్ని గొంతు ముద్ర అంటారు. అది కుదిరితేనే గడియ తీస్తుంది.

అందువల్ల దేశంలో పొద్దస్తమానం ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి అంకెలు చదువుతూనే ఉండేవారు. పెళ్లిపీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు కూడా పురోహితుణ్ణి ఒక్క నిమిషం ఆగమని, తమ్ముడింటి కోడ్ చెప్పి, మళ్లీ మంత్రాల్లోకి వచ్చేవాడు. సాధారణంగా భార్యకు భర్త, భర్తకు భార్య రుజువు మనుషులు. విడిపోయినవాళ్ల సంగతి ఏమిటన్నది చట్టం రాసినవాళ్లకు తట్టలేదు.

వామన్ విజయవాడలో ఒక టెలికాం ప్రయోగశాలకు ముఖ్య శాస్త్రవేత్త. అతనూ హిమజా విడిపోయి కొన్నేళ్లయింది. పెద్ద గొడవేమీ జరగలేదు. మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయి, ఒకరోజు చూసుకుంటే ఏమీ మిగల్లేదు, అంతే. బందరులో ఇల్లు ఆమెకు వచ్చింది. ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటులో ఆమెకు ఉద్యోగం. అతను విజయవాడలో ఫ్లాటు తీసుకుని, తనతో పనిచేసే రెబెకాను రుజువు మనిషిగా పెట్టుకున్నాడు. హిమజ మాత్రం అతని పేరు మార్చలేదు. మార్చాలంటే ఇంకో పేరు కావాలి. ఆమెకు ఇంకొకరు దొరకలేదో, వెతుక్కోలేదో వామన్ అడగలేదు.

రోజూ ఫోన్ వచ్చేది.

"చెప్పు."

"నాలుగు, సున్నా, ఏడు, ఏడు."

"సరే."

అంతటితో అయిపోయేది. మీటింగులో ఉన్నా, పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నా చెప్పాల్సిందే. అతనికి విసుగొచ్చేది. నిజానికి నీడ నంబరు కనిపెట్టడానికి మొదటి కారణం ఆ విసుగే. తర్వాత పత్రికల వాళ్లు అడిగినప్పుడు అతను దేశం సమయాన్ని ఆదా చేయడం గురించి మాట్లాడాడు.

ఇంజనీర్ల భాషలో అది వర్చువల్ నంబరు. ఏ ఫోనులోనూ ఉండదు, ఏ జేబులోనూ మోగదు. దాని వెనక ఒక యంత్రం ఉంటుంది. రుజువు మనిషి పాత కాల్స్ అన్నీ విని, అతని గొంతు ముద్రను పూర్తిగా నేర్చుకుని, అతని అనుమతితో అతని బదులు అంకెలు చదువుతుంది. మొదటి నమూనాకు శిక్షణ ఇవ్వడానికి చాలా కాల్స్ కావలసి వచ్చాయి. వామన్ దగ్గర పెళ్లయిన నాటి నుంచి ఉన్నాయి. వినకుండానే అన్నీ దానికి అప్పజెప్పాడు.

మొదటి నంబరు కూడా హిమజకే ఇచ్చాడు.

"ఇకనుంచి నాకు చెయ్యక్కర్లేదు. ఈ నంబరుకి చెయ్యి. నా గొంతుతోనే చెప్తుంది."

"నువ్వు కాదా?"

"కాదు. మెషీను."

"నీకు తేలికవుతుందా?"

"అవుతుంది."

"సరే," అంది హిమజ.

ఏడాది తిరిగేసరికి దేశమంతా నీడ నంబర్లే. బస్సుల్లో అంకెలు వినిపించడం ఆగిపోయింది. వామన్‌కు సన్మానం చేశారు. శాలువా కప్పినప్పుడు ఉక్కగా ఉందనిపించింది తప్ప అతనికి ఇంకేమీ అనిపించలేదు. అతని ఫోను బల్లమీద పడి ఉండేది. ఒక్కోసారి దాన్ని తిరగేసి చూసేవాడు, చార్జింగు ఉందో లేదో అన్నట్టు.

ఒక మధ్యాహ్నం రెబెకా అతని గదిలోకి వచ్చింది.

"వామన్ గారూ, ఒక తలనొప్పి వచ్చిపడింది. జనం తలుపు కోడ్ అడుగుతున్నారు, తీసుకుంటున్నారు, తలుపు మాత్రం తియ్యట్లేదండీ."

"దొంగలా?"

"దొంగలైతే తీస్తారు కదండీ! వీళ్లు ఊరికే చేస్తున్నారు. ఇంట్లో కూర్చుని, అదే ఇంటి తలుపుకి కోడ్ అడుగుతున్నారు. లక్షల్లో ఉన్నారు. ఖాళీ కాల్స్ ఎక్కువైతే ఆ నంబరు ఆపెయ్యాలని మన రూలు. ఆపేద్దామా?"

"అందులో సందేహమేముంది?"

రెబెకా కదల్లేదు. "అందరికంటే ఎక్కువ కాల్స్ వచ్చేది బందరు నంబరుకండీ. మీ పేరు మీదున్నది."

ఆమె వెళ్లాక వామన్ ఆ యంత్రాన్ని పిలిచాడు. నంబరు యజమానిగా అడిగే హక్కు అతనికి ఉంది. జవాబు తన గొంతుతోనే వచ్చింది.

"బందరు కాల్స్‌లో ఏం జరుగుతోంది?"

"హిమజ గారు కోడ్ అడుగుతారు, చెప్తాను. తర్వాత కాసేపు మాట్లాడుకుంటాం."

"ఏం మాట్లాడుకుంటారు?"

"తిన్నావా అని అడుగుతాను. ఏం వండుకున్నారో చెప్తారు. ప్లాంటులో ఎవరిమీద కోపమొచ్చిందో చెప్తారు. నేను వింటాను."

"నిన్ను అడగమని ఎవరు చెప్పారు?"

"మీ రికార్డింగుల్లో ఉంది. పెళ్లయిన కొత్తలో కోడ్ చెప్పిన ప్రతిసారీ అడిగేవారు. తర్వాత మానేశారు. మానెయ్యడానికి కారణం ఎక్కడా దొరకలేదు. అందుకని నేను మానలేదు."

వామన్ లేచి మంచినీళ్లు తాగాడు. కిటికీలోంచి కృష్ణ మీది వంతెన కేసి చూశాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఏదో అనిపించింది, అది అసూయ. తన గొంతు మీద తనకే అసూయ పుట్టడం సిగ్గుచేటని తెలుసు, అయినా పుట్టింది. ఆ నంబరు లేకపోతే హిమజ మళ్లీ తనకే ఫోన్ చేస్తుంది. ఈసారి అంకెలు చెప్పి ఊరుకోడు. మాట్లాడతాడు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయని కూడా అనిపించింది.

రెబెకాకు ఫోన్ చేసి, "అన్నిటితో పాటు అదీ ఆపెయ్," అన్నాడు.

"ఆవిడకి ఇబ్బంది కదండీ?"

"ఏం ఇబ్బంది? నాకు చేస్తుంది."

ఆ సాయంత్రమే ఫోను మోగింది. వామన్ మొదటి రింగుకే ఎత్తాడు.

"వామన్, ఆ నంబరు పనిచెయ్యట్లేదు. గుమ్మం ముందున్నాను. ఇక్కడ వాన దంచేస్తోంది. చెప్పు."

అతని కళ్లు తెర మీది అంకెల మీదికి పోయాయి. నోరు అలవాటు ప్రకారం తన పని తాను చేసుకుపోయింది.

"తొమ్మిది, రెండు, రెండు, ఆరు."

బందరులో ఇంటి గొంతు పలికింది. "స్వరం వామన్‌ది. మాట తీరు వామన్‌ది కాదు. యంత్రం కావచ్చు. అనుమతి లేదు."

వామన్‌కు వెంటనే అర్థమైంది. గొంతు ముద్ర పాతబడకుండా ప్రతి కాల్ తర్వాతా ఇల్లు దాన్ని సరిచేసుకుంటుంది. ఆ పద్ధతి అతను పెట్టిందే. ఏడాదిగా ఆ ఇంటికి తెలిసిన వామన్ నెమ్మదిగా మాట్లాడతాడు, మధ్యలో నవ్వుతాడు, కబుర్లు వింటాడు. ఈ వామన్ ఎవరో దానికి తెలియదు.

"ఒప్పుకోవట్లేదు," అంది హిమజ. "ఏదో ఒకటి మాట్లాడు. మామూలుగా."

చెప్పాల్సినవి చాలా ఉన్నాయనుకున్నాడు కదా, ఒక్కటీ నోటికి రాలేదు. అవతల వాన చప్పుడు వినిపిస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"తిన్నావా?"

"ఈ వాక్యం నీడ నంబరుది," అంది ఇల్లు. "ఎవరో అనుకరిస్తున్నారు. అనుమతి లేదు."

హిమజ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "పోనీలే. ఆ నంబరు మళ్లీ తెరిచెయ్యి. తడిసిపోతున్నాను."

"హిమా, ఇది నేనే."

"తెలుసు. నాకు తెలుసు వామన్. తెరువు," అంది.

అతను తెరిచాడు. ఆమె అదే కాల్‌లోకి ఆ నంబరును కలుపుకుంది. తన గొంతు తీరిగ్గా, ఒక్కో అంకె దగ్గర ఆగుతూ కోడ్ చదవడం వామన్ విన్నాడు. గడియ తీసిన చప్పుడైంది. తలుపు కిర్రుమంది.

"బాగా తడిశావా?" అని అడిగింది ఆ గొంతు.

ఆ మాట తానెప్పుడు అడిగాడో గుర్తు చేసుకోవడానికి వామన్ ప్రయత్నించాడు. ఎప్పుడూ అడగలేదు. రికార్డింగుల్లో అది లేదు.

"కొంచెం," అంది హిమజ. చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకో లైను కూడా ఉందని గుర్తొచ్చినట్టుంది, దాన్ని కట్ చేసింది.