పలకలు రుద్దిన వేళ్లు

“నా ఫోన్ నాకియ్యండి సార్. త్రిపురాంతకం బస్సు పోతాది.”

“వేలిముద్ర పెట్టి తీసుకుపోండి మేడమ్.”

మార్కాపురం సహకార బ్యాంకులో ఊళ్లు తిరిగే ఉద్యోగులందరికీ ఫోన్లిచ్చారు. వాటి నిండా ఖాతాదారుల ఫొటోలు, ఆధార్లు, పొదుపు వివరాలు. తాళం నంబరు మాత్రం అందరిదీ ఒకటే. అదీ గోడమీది క్యాలెండర్లో రాసిపెట్టి ఉంది! సంగతి తెలిసి గిద్దలూరు మెయిన్ ఆఫీసు తల పట్టుకుని వెస్లీని పంపింది. ఇకమీదట ఎవరి ఫోను వాళ్ల వేలికే తెరుచుకోవాలి. నెలాఖరుకు వేలిముద్ర ఎక్కకపోతే ఆ ఫోను ఆగిపోతుంది. ఆ మనిషి ఊళ్లు మాని కౌంటర్లో కూర్చోవాలి.

అందరివీ ఎక్కాయి, సుప్రియది తప్ప.

“మొండితనం మంచిది కాదు మేడమ్. రిపోర్టులో మీ పేరు రాస్తా.”

“రాసుకోండి. ఇంటిపేరు గూడా రాయండి, నిండుగా ఉంటాది.”

నవ్వుతూనే అంది గానీ, చేతులు చున్నీ కింద దాచుకుంది. వెస్లీ మాటలు తక్కువ మనిషి. చూపు మాత్రం తక్కువ కాదు. ఆలోపే ఆమె గోళ్ల అంచుల్లో బూడిదరంగు పొడి కనిపించింది.

మర్నాడు పొద్దున్నే, ఆ పొడి రేగే చోటికి, బడిపిల్లల రాతిపలకలు చేసే షెడ్ల వైపు నడిచాడు. తల్లి రత్నమ్మ పక్కన కూర్చుని, ఇసుకా నీళ్లూ పోసి పలకలు రుద్దుతోంది సుప్రియ.

“ఇక్కడికి గూడా వచ్చినారా?”

“చెయ్యి చూపించండి.”

చూపించింది. వేళ్ల కొసలు పలకలంత నున్నగా ఉన్నాయి. గీతలన్నీ అరిగిపోయాయి.

“అమ్మకు భుజం లేవట్లేదు. బడులు తెరిచే రోజులు, పని ఆపితే షెడ్డాయన ఇంకొకరిని పెట్టుకుంటాడు. నా వేలు ఏ మిషనూ పట్టదు. నలుగుర్లో పెట్టి నవ్వించుకోవాల్నా?”

“ముందే చెప్పొచ్చు గదా.”

“మీరు అడిగితే గదా! కౌంటర్లో మాత్రం కూర్చోను. ఆ ఊళ్లలో ఆడోళ్లు నా మొహం చూసి ఖాతాలు తెరిచినారు.”

వెస్లీ అక్కడినుంచే మెయిన్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారన్నారు వాళ్లు. అతనికీ అది న్యాయమేననిపించింది.

“రుద్దడం మానితే గీతలు మళ్లీ వస్తాయి.”

“మానితే ఇవి ఎవరు రుద్దుతారు? మీ మెయిన్ ఆఫీసా?”

వెస్లీ చొక్కా చేతులు మడిచాడు. “నువ్వు లే సుప్రియా.”

రత్నమ్మ బిత్తరపోయింది. “ఏంది నాయనా, ఉద్యోగం పోయినాదా?”

“లేదమ్మా. ఇదీ ఉద్యోగమే.”

మొదటి పలక విరిగింది. రెండోదీ విరిగింది.

“పగబట్టినట్టు రుద్దుతారేంది సార్? చంటిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దాల” అంటూ సుప్రియ అతని పక్కన టీ గ్లాసు పెట్టింది.

అది మొదలు రోజూ తెల్లారేసరికి షెడ్డులో ఉండేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి వాన దంచింది. రేకు సందుల్లోంచి కారుతుంటే ఇద్దరూ పలకలు లోపలికి జరిపారు. ఆమె టవలు అందించింది. అతను తుడుచుకోవడం మరిచి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

“వాన ఆగిపోయినాది సార్” అంది సుప్రియ, కాసేపు తనూ చూసి.

నెలాఖరు వచ్చింది. బ్రాంచిలో అందరూ మూగారు. సుప్రియ బొటనవేలు పెట్టింది. ఎక్కలేదు. మళ్లీ పెట్టింది. ఊహూఁ.

“వేలు తడి తుడుచుకో. ఇంకోసారి” అన్నాడు వెస్లీ.

ఫోను తెరుచుకుంది. చప్పట్లు మోగాయి.

రిపోర్టు పంపుదామని వెస్లీ తన బ్యాంకు ఫోను తీశాడు. వారం నుంచి సతాయిస్తున్న ఆ ఫోను ఇప్పుడు పూర్తిగా మొరాయించింది. బొటనవేలు, చూపుడువేలు, ఏదీ పట్టలేదు. అతని వేళ్లు నున్నబడిపోయాయి.

సుప్రియ పగలబడి నవ్వి, నెమ్మదిగా అడిగింది: “నా వేలు పెట్టేదా?”

“బ్యాంకు ఫోన్లో కుదరదు. రూలు రూలే.”

ఆమె మొహం చిన్నబోయింది. వెస్లీ జేబులోంచి ఇంకో ఫోను తీసి, నంబరు కొట్టి తెరిచి ఆమె ముందుంచాడు.

“ఇది నా సొంతం. దీంట్లో పెట్టు.”

“సొంత ఫోన్లో సొంతోళ్లే గదా పెట్టాల్సింది?”

“అందుకే అడుగుతున్నా.”

“అమ్మ…”

“ముందే అడిగా. నీకిష్టమైతే సంతోషమేనంది. నన్ను పలకలు రుద్దడం మాత్రం మాననీయదంట.”

బయట త్రిపురాంతకం బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. సుప్రియ వేలు చున్నీకి తుడుచుకుని, గట్టిగా అదిమి పెట్టింది.