ఇంట్లో ఎవరూ పలకని పేరు

పొయ్యి మీద జొన్న జావ కుతకుతలాడుతోంది. రాత్రి కురిసిన మంచు ఇంకా గడ్డి మీద తెల్లగానే ఉంది. మాపులెంగ్ భుజాల మీది దుప్పటి దగ్గరికి లాక్కుని గుమ్మంవైపు చూసింది. అత్తగారు పశువుల దొడ్డి దగ్గర నిలబడి ఎవరి ఆవు తమ దడి విరగ్గొట్టిందో తేలుస్తోంది. ఆ తగవు ఇప్పట్లో తెమిలేది కాదు. ఇదే అదనని పిండి డబ్బా వెనక దాచిన సీసా తీసి, నారింజ రంగు మందు రెండు చెంచాలు పిల్లవాడి గిన్నెలో పోసి గబగబా కలిపేసింది. సీసా మీద ఒక చెంచా అనే ఉంది. మాట తొందరగా రావాలన్న ఆశ కొద్దీ ఆమె రెండు పోస్తోంది.

"రా అయ్యా, జావ తాగుదువుగాని."

పిల్లవాడికి నాలుగు నిండి ఐదు నడుస్తోంది. గోడవార కూర్చుని కోడిపెట్టను చూస్తున్నవాడు తల తిప్పలేదు. గిన్నె ముందు పెట్టగానే మూతి ముడుచుకుని, రెండు చేతులతో తల పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు. కొన్నాళ్లుగా ఇదే వరస. పెదవులు పగిలిపోయాయి. అరచేతుల మీద తోలు పొరలు పొరలుగా లేస్తోంది. చలికి అలాగే అవుతుందిలే అని ఆమె రోజూ వాజెలిన్ రాస్తోంది.

కన్నకొడుకుని "అయ్యా" అని పిలవడం ముద్దుకి కాదు. వాడికి పెట్టింది పోయిన తాత పేరు. మామగారి పేరు కోడలు నోట పలకడమా! ఏ ఇంట్లో పలుకుతుంది గనక? అత్తగారికీ అదే చిక్కు, ఆవిడకది మొగుడి పేరాయె. అందుకని ఆవిడ మనవణ్ణి "ముసలాయనా" అంటుంది, సరదా పుడితే "ఏమయ్యా మొగుడా" అంటుంది. బడికెళ్లే అక్క పులెంగ్, తల్లి మాపులెంగ్ అయింది ఆ పిల్ల పేరు మీదే, "తమ్ముడూ" అంటుంది. తండ్రి తెబోహో సరిహద్దు అవతల గనిలో ఉంటాడు, ఫోనులో "చిన్నోడేం చేస్తున్నాడు?" అంటాడు. ఇన్ని పిలుపులున్నా, వాడి అసలు పేరు చర్చిలో పాస్టరుగారి నోట వినిపించిందే మొదలు, అదే ఆఖరు.

వాడికి వచ్చిందల్లా "ఆ", "ఊ", వేలెత్తి చూపడం. నీళ్లు కావాలంటే కుండ చూపిస్తాడు. అమ్మ కావాలంటే దుప్పటి అంచు పట్టుకుంటాడు. ఈడు పిల్లలు వాణ్ణి ఆటకి పిలవడం మానేశారు. మాపులెంగ్‌కి అదే ఎక్కువ బాధ.

కిందటి నెల వాణ్ణి మాఫెతెంగ్ పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. స్పీచ్ థెరపీ చేసే రెఫిలోవె అనే అమ్మాయి రాజధాని నుంచి నెలకోసారి అక్కడికి వస్తుంది. చెవులు పరీక్ష చేయించింది, రక్తం పరీక్ష చేయించింది, బొమ్మలు చూపించి ఆడించింది. ఆఖర్న అడిగింది:

"వీణ్ణి ఇంట్లో ఏమని పిలుస్తారక్కా?"

మాపులెంగ్ నసుగుతూ చెప్పింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

"నాకూ అత్తగారుంది, నాకు తెలీనిదా! కానీ వినక్కా. వీడికి చెవులు శుభ్రంగా ఉన్నాయి. నాలుక తిప్పడం కష్టమవుతోంది, అది నేర్పాలి. చాన్నాళ్లు పడుతుంది. అంతకన్నా ముందు, పిలిచింది నన్నేనని వీడికి తెలియాలి. ఒక్కటే పేరు. ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి పిలవండి. ఏదో ఒక చప్పుడు చేసేదాకా ఆగండి, తొందరపడకండి. చప్పుడు చేశాకే చెంచా నోటికి."

"ఎవరు పిలవాలి?"

"ఇంట్లో ఎవరు ఎక్కువసేపు ఉంటే వాళ్లు. మీ అత్తగారిని అడిగి చూడండి."

"మందేమన్నా రాస్తారా?"

"లోపమేమీ లేదక్కా రక్తంలో. లేని లోపానికి మందెందుకు? సీసాలు అమ్మేవాళ్ల మాట నమ్మకండి."

ఇంటికొచ్చాక అత్తగారిని అడగాలని ఎన్నోసార్లు నోరు తెరిచింది. తెరిచిన ప్రతిసారీ "ఉప్పు అయిపోయిందత్తమ్మా" అనో, "ఎండు గడ్డి తేవాలత్తమ్మా" అనో అనేది. ఈలోగా ప్రార్థన సంఘంలో ఒకావిడ చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, "విటమిన్లమ్మా, మా చెల్లెలి మనవడు నెల తిరక్కుండా గలగలా మాట్లాడేశాడు" అని సీసా చేతిలో పెట్టింది. అత్తగారిని అడగడం కన్నా సీసా కొనడం సులువు. నిజం చెప్పాలంటే అందుకే కొంది.

ఆ పూట జావ సగం తాగి, తాగిందంతా కక్కేశాడు పిల్లవాడు. వాణ్ణి తుడిచి పడుకోబెట్టి, మాపులెంగ్ బకెట్టు పుచ్చుకుని ఊరి కుళాయికి వెళ్లింది. నీళ్లు నెత్తినెత్తుకుని తిరిగొచ్చేసరికి లోపలినుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"మింగు ముసలాయనా, మింగు. మీ అమ్మ వచ్చేలోగా మింగేయ్."

బకెట్టు దించి లోపలికి వెళ్లింది. అత్తగారి ఒళ్లో పిల్లవాడు. చేతిలో చెంచా. చెంచాలో నారింజ రంగు.

"ఏంటది అత్తమ్మా?"

అత్తగారు ఉలిక్కిపడింది. మరుక్షణమే సర్దుకుంది.

"ఏదైతే నీకెందుకు? నీ మాటల డాక్టరమ్మ బొమ్మలు చూపించి పంపేసింది. బొమ్మలు చూస్తే మాటలొస్తాయా? నా మనవడికి నేను బలం మందు పోసుకుంటున్నా. దొంగతనమా ఏంటి?"

"ఎన్నాళ్ల నుంచి పోస్తున్నారు?"

"జొన్న కోతలు అయిన దగ్గర్నుంచీ. నువ్వు నీళ్లకెళ్లినప్పుడల్లా."

మాపులెంగ్ వెళ్లి పిండి డబ్బా వెనక చెయ్యి పెట్టి, తన సీసా తెచ్చి అత్తగారి సీసా పక్కన పెట్టింది. రెండింటి మీదా ఒకే పిల్లవాడి బొమ్మ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

అత్తగారు ఆ సీసా చూసింది, ఈ సీసా చూసింది.

"నువ్వూనా?"

"పొద్దున్నే జావలో. రెండేసి చెంచాలు."

"నాకు చెప్పకుండా దాచిపెట్టావా!"

"మీరూ దాచారుగా అత్తమ్మా."

"నేను పెద్దదాన్ని, దాస్తాను!" అని కస్సుమంది. "ఆ మహాతల్లి ఇద్దరికీ అమ్మి, ఇద్దరితోనూ నోరు మూసుకోమందన్నమాట! వచ్చే ఆదివారం దాని సంగతి…"

ఆ మాట పూర్తి కాకముందే పిల్లవాడు మళ్లీ కక్కుకున్నాడు. తల పట్టుకుని మూలుగుతూ ఒళ్లోనే వాలిపోయాడు. ఆవిడ తన దుప్పటితోనే మనవణ్ణి వీపుకి కట్టుకుని గుమ్మం దాటింది. మోకాళ్ల నొప్పులని చర్చికి కూడా కర్ర పట్టుకుని వెళ్లే మనిషి ఆరోజు కర్ర మరిచిపోయి, ఎగుడు దారిలో కోడలి కన్నా ముందు నడిచింది.

ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు పిల్లవాడి పెదవులు చూసింది, అరచేతులు చూసింది, తర్వాత మాపులెంగ్ తెచ్చి బల్ల మీద పెట్టిన రెండు సీసాలూ చూసింది. ఆమెకి ఒళ్లు మండింది.

"విటమిన్లంటే మంచినీళ్లనుకున్నారా? ఇందులోది కొంత ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది. ఈ తలనొప్పి, వాంతులు, తోలు ఊడటం, అన్నీ దానివల్లే. ఇంకొన్నాళ్లు పోసుంటే కాలేయం పాడయ్యేది. ఎవరు పోయమన్నారు?"

అమ్మినావిడ సంగతి అత్తగారు చెప్పింది, డాక్టరమ్మ ముందే వద్దన్న సంగతి మాపులెంగ్ ఒప్పుకుంది. పట్నం పంపి పరీక్షలు చేయించాక, కాలేయం బాగానే ఉందనీ, మందు ఆపేస్తే మెల్లగా కోలుకుంటాడనీ తేలింది. ఆ మాట వినేదాకా మాపులెంగ్ గుక్కెడు నీళ్లు తాగలేదు. నా చేతుల్తో నేనే, నా చేతుల్తో నేనే అనుకుంటూ కుమిలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరారు. పిల్లవాడు నిద్రపోయాక ఇద్దరూ ఎండలో గోడకి జేరబడ్డారు. అత్తగారే మాట కదిలించింది.

"నేనంటే చదువులేనిదాన్ని. నీకు ఆ డాక్టరమ్మ వద్దని చెప్పి పంపిందటగా. ఎందుకు కొన్నావ్?"

"మిమ్మల్ని అడగలేక."

"నన్నా? ఏం అడగలేక?"

ఇన్నాళ్లూ ఉప్పు మీదికీ గడ్డి మీదికీ మళ్లించిన మాట ఒక్కసారిగా బయటపడింది. "మందు కాదత్తమ్మా వాడికి కావలసింది, పేరు! ఒక్క పేరు పెట్టి పిలవమంది ఆవిడ. ఇంట్లో తలో పిలుపూ పిలుస్తుంటే, తననే పిలుస్తున్నారని వాడికెలా తెలుస్తుంది? కుక్కపిల్లక్కూడా ఒక పేరుంది మనింట్లో."

అత్తగారు ఒంటికాలి మీద లేచింది.

"నోరు ముయ్! నా మొగుడి పేరు నీ నోట పెట్టుకుంటావా? పోయిన పెద్దలు వినరనుకున్నావా? ఇప్పటికే పిల్లాడికి నోరు లేదు, ఇంక ప్రాణం కూడా…"

"నా నోట వద్దు. మీరు పిలవండి."

"నేనా! కట్టుకున్నదాన్ని! నా పెళ్లినాటి నుంచి ఒక్కనాడు…"

"తెలుసత్తమ్మా. వాడు మాత్రం ఏం పాపం చేశాడు? తాత పేరు ఇచ్చారు, ఆ పేరుతో పిలిచే దిక్కు మాత్రం ఇవ్వలేదు."

అనేశాక మాపులెంగ్‌కి భయం వేసింది. కాళ్ల మీద పడి తప్పయిందనాలనుకుంది. అత్తగారు తిట్టలేదు. దొడ్డివైపు తిరిగింది. ఆ చూపు పశువుల మీద లేదు.

"ముసలి రాసెలో గుర్తున్నాడా నీకు?" అంది.

గుర్తులేకేం. మామగారి ఈడువాడు. మామగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు గుర్రమెక్కి చూడ్డానికి వచ్చేవాడు.

"నేను రోజంతా మంచం పక్కనే ఉండేదాన్ని. అయ్యా నీళ్లు కావాలా, అయ్యా జావ తెమ్మంటావా అని అడిగేదాన్ని. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ రాసెలో గుర్రం దిగీ దిగకుండానే పేరు పెట్టి అరిచేవాడు చూడు, అప్పుడు మీ మామ ఇటు తిరిగేవాడు. పెదాలు కదిలేవి. జవాబు చెప్పాలని తెగ ఆరాటపడేవాడు. నేను కళ్లారా చూశాను పిల్లా." ఆవిడ దుప్పటి అంచుతో ముక్కు తుడుచుకుంది. "నేనొక్కసారి అలా పిలిస్తే నావైపు కూడా తిరిగేవాడేమో. పిలవలేదు. పెట్టె గుంతలోకి దించుతున్నప్పుడు కూడా పిలవలేదు. మర్యాద అనుకున్నాను."

ఆవిడ ఏడ్చింది. మామగారు పోయినప్పుడు కూడా అత్తగారు అలా ఏడవడం మాపులెంగ్ చూడలేదు. ఏం చెయ్యాలో తోచక దగ్గరికి జరిగి, తన దుప్పటి సగం ఆవిడ భుజాల మీద కప్పింది.

పిల్లవాడి పెదవులు మానిన తర్వాత ఒక పొద్దున, జావ దించుతుండగా అత్తగారు వచ్చి గిన్నె అందుకుంది. చాప మీద, మోకాళ్లు పట్టేస్తున్నా మనవడి ఎదురుగా, వాడి ముఖానికి తన ముఖం సమానంగా వచ్చేలా చతికిలపడింది. ప్రార్థనకి కప్పుకున్నట్టు తలమీదుగా దుప్పటి కప్పుకుంది. చెంచా ఎత్తింది. పెదవులు కదిలాయి, పేరు బయటికి రాలేదు. మాపులెంగ్ తల వంచుకుని పొయ్యివైపు తిరిగింది.

"మోఖేతీ."

పిల్లవాడు కోడిపెట్టనే చూస్తున్నాడు.

"మోఖేతీ. ఇటు చూడు. నిన్నే."

వాడు తిరిగాడు. నాయనమ్మ కళ్లలో నీళ్లు చూసి వింతపడ్డాడు. ఆవిడ తొందరపడలేదు. చెంచాలోంచి జావ దుప్పటి మీద కారుతున్నా, అలాగే చూస్తూ ఆగింది. వాడి చూపు ఆవిడ నోటి మీద నిలిచింది. పెదవులు రెండూ కలిపాడు. బుగ్గలు ఉబ్బాయి.

"మ్మ్… మ్మో."

అది పేరు కాదు, మాట కూడా కాదు. మాటకింకా చాలా దూరముంది, ఎన్నో నెలలు పట్నం తిరగాలి. అయినా అది జవాబు.

"తాగు నా తండ్రీ, తాగు," అంటూ చెంచా నోటికందించింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే పిలిచింది. "పిల్లా, ఇలా వచ్చి కూర్చో. నువ్వూ పిలువు."

"అత్తమ్మా, నేనెలా…"

"ఆయన పెళ్లాన్ని నేను చెప్తున్నా. పైకెళ్లాక ఆయన అడిగితే నేను చెప్పుకుంటాలే. పిలువు."

మాపులెంగ్ కొడుకు ఎదురుగా కూర్చుంది. నోరు తెరిచింది. ఇన్నేళ్లు నాలుక చివర కూడా నిలవనివ్వని పేరు, ఇప్పుడు రమ్మంటే రాలేదు. మళ్లీ తెరిచింది, మళ్లీ మూసింది.

పిల్లవాడు తల్లిని ఎగాదిగా చూశాడు. నాయనమ్మ చేతిలోంచి చెంచా లాక్కుని, గిన్నెలో ముంచి, తల్లి నోటి దాకా తెచ్చి, అక్కడ ఆపాడు. ఆమె కళ్లలోకే చూస్తూ ఓపిగ్గా కూర్చున్నాడు.

అత్తగారు ఏడుస్తూనే నవ్వింది. "చూశావా, పలికేదాకా పెట్టడంట!"

"మో…" అంది మాపులెంగ్. వాడు చెంచా దించలేదు.

"మోఖేతీ," అంది.

చెంచా నోటికి అందింది.