మూడు బొట్ల క్యాపు

శుక్రవారం పూట గడపకి పసుపు రాసి ముగ్గెయ్యడం ఎవరైనా చేసే పనే. సత్యవేణి ఆ ఉదయం అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆగలేదు. తడిబట్ట పట్టుకుని వీధరుగు మీదికి కూడా వెళ్ళింది.

అమలాపురంలో ఆ ఇంటి వీధరుగంటే సగం ఇల్లు, సగం కార్ఖానా. ఆమె మావగారు తాతారావుకి ఒక టాక్సీ కారుంది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసు మీద నడిచి, యుద్ధం అయ్యాక మళ్ళీ పెట్రోలు మరిగిన పాత బండి. రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవు దాకా మనుషుల్ని చేరవేసి, ఆ ఇంటికి తిండి పెడుతున్నది అదే. తండ్రీ, కొడుకు కేశవరావూ వంతులేసుకుని నడిపేవారు. నెల కిందట రాజోలు రోడ్డులో ఇంజను టకటకా కొట్టుకుని ఉన్నచోటే కూలబడింది. అప్పుడు స్టీరింగు కేశవరావు చేతిలో ఉంది, తండ్రి పక్క సీట్లో ఉన్నాడు.

"నూనె చూసుకోకుండా బండి తీసేవాడికి తాళం ఇచ్చేను చూడు, నన్ననాలి," అన్నాడు తాతారావు, బండిలో ఉన్న పెళ్ళివారందరూ వింటుండగా.

"బండి నీదే కదా. నువ్వే నడుపుకో," అన్నాడు కేశవరావు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేకపోయినా ఇంజను విప్పక తప్పదు కదా! క్రాంకు షాఫ్టంటే ఇంజను కడుపులో వంకరటింకరగా పడుకుని ఉండే బరువైన ఇరుసు. అది అరిగితే బండికి నడుం విరిగినట్టే. దాన్ని బయటికి తియ్యడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అందుకని ఇద్దరి మధ్యా సత్యవేణిని నిలబెట్టారు. కాపురానికొచ్చి ఏడాదైనా నిండని పిల్ల.

"అమ్మా సత్యవేణీ, మీ ఆయన్ని అటు చివర పట్టుకోమను."

"ఏవండీ, మావయ్యగారు మిమ్మల్ని అటు చివర..."

"వినపడింది. జారుతుంది, మెల్లిగా లేపమని చెప్పు."

మూడడుగుల దూరంలో ఉన్న మనుషులకి కబుర్లు మోయడం నవ్వులాటగానే ఉండేది, మొదట్లో. తరవాత్తరవాత ఆ మాటలకి ముళ్ళు మొలిచాయి. 'కళ్ళు నెత్తికెక్కిన వాడికి బోల్టు కనపడుతుందా అని అడుగు,' అని తండ్రి. 'ముసలితనం వస్తే చాదస్తం కూడా వస్తుందా అని అడుగు,' అని కొడుకు. సత్యవేణి ముళ్ళన్నీ ఏరి పారేసి, మిగిలిన మాట మాత్రమే చేరవేసేది. "బోల్టు జాగ్రత్తండి," అనేది. "కాస్త త్వరగా కానివ్వమంటున్నారండి మావయ్యగారూ," అనేది. తను మంచిపనే చేస్తున్నాననుకుంది పాపం.

పైగా ఆమె గుండెలో ఇంకో భయం ఉంది. కాకినాడలో ఒక బస్సుల యజమాని కేశవరావుకి డ్రైవరు పని ఇస్తానన్నాడు. "ఇంజను బిగించి బండి కదిలిన మర్నాడే మనం బయల్దేరుతున్నాం. ఈ ఇంట్లో నాకేం పని?" అని భర్త ఆమెతో అనేశాడు. అత్తగారు సూరమ్మ లేని ఇల్లు. తామిద్దరూ వెళ్ళిపోతే ఆ పెద్దాయన పొద్దున్నే లేచి ఎవరితో మాట్లాడతాడు? ఇంజను బాగుపడాలని దేవుడికి మొక్కుకోవాలో, బాగుపడకూడదని మొక్కుకోవాలో ఆమెకి తెలియకుండా పోయింది.

షాఫ్టు రాజమండ్రి వెళ్ళి, లేతు మీద నున్నగా సాన పట్టించుకుని, తిరిగొచ్చింది. దాన్ని పట్టి ఉంచే ఇనుప మూతల్ని క్యాపులంటారు. వాటి లోపల కొత్త మెటలు, సీసం లాంటి మెత్తటి లోహం, కరిగించి పోయించారు. ఏ క్యాపు ఏ చోట కూర్చోవాలో ఆ చోటికి సరిపడేలా మావగారు దాన్ని రోజుల తరబడి గీకి గీకి సర్దాడు. నిన్నటితో ఆ పని అయిపోయింది. చివరిసారి అన్నీ విప్పి, కడిగి, అరుగు మీద గోనెపట్టా పరిచి ఆరబెట్టాడు. ఇవాళే బిగింపు.

ఆ గోనెపట్టా మీదున్న క్యాపుల్ని సత్యవేణి చూసింది. అయిదింటిలో ఆ చివరదీ ఈ చివరదీ వేరేగా ఉన్నాయి. మధ్య మూడూ ఒకే పోలిక. వాటి మీద కుంకుమ బొట్లున్నాయి. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు, మరోదానికి మూడు. నూనెకి అలుక్కుపోయి, నల్లబడి ఉన్నాయి.

'మగాళ్ళు పూజ చేస్తే ఇంతే,' అనుకుంది. ఇవాళ శుక్రవారం, బిగించేది ఇవాళ. పాచిపోయిన బొట్టుతో బిగిస్తారా? కిరసనాయిలు గుడ్డతో మూడూ శుభ్రంగా తుడిచింది. అరుగు తుడవడానికి వాటిని పిట్టగోడ మీద పెట్టి, మళ్ళీ తెచ్చి వరసగా పేర్చింది. కుంకుమ తెచ్చి అన్నిటికీ తలో బొట్టూ చక్కగా పెట్టింది. చేతులు జోడించి, 'తండ్రీ కొడుకుల్ని ఒకటి చెయ్యి తల్లీ,' అని దణ్ణం కూడా పెట్టుకుంది.

తాతారావు కాఫీ తాగి, పైపంచె నడుముకి బిగించుకుని వచ్చాడు. వంగి ఒక క్యాపు తీశాడు. పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. మూడోదీ తిరగేసి చూశాడు.

"బొట్లేవి?"

"పెట్టేనండి మావయ్యగారూ. పాతవి అలుక్కుపోయేయని..." అంది సత్యవేణి సంబరంగా.

"తుడిచేసేవా?"

"ఆయ్."

తాతారావు అరుగు మీద చతికిలబడ్డాడు. "మధ్యవి మూడూ చూడ్డానికి ఒకటేగాని, దేని చోటు దానిదేనమ్మా. దాని చోట దీన్ని బిగిస్తే షాఫ్టు తిరగదు. తిరిగినా రాజోలు చేరేలోపు మెటలు కరిగిపోద్ది. అవి బొట్లు కావు తల్లీ, గుర్తులు. మీ అత్తగారు పెట్టిన గుర్తులు. యుద్ధంలో మొట్టమొదటిసారి ఇంజను విప్పినప్పుడు నాకు చదువు రాదని, ఒకటీ రెండూ మూడూ బొట్లు పెట్టి ఇచ్చింది. అప్పట్నుంచీ అలాగే పెడుతున్నాను."

చప్పుడు విని కేశవరావు లోపల్నుంచి వచ్చాడు. సంగతి అర్థమైంది. "పంచి ఉలితో ఇనుములోకి గుర్తులు కొట్టమని నేను చెప్పలేదూ? విప్పిన రోజే చెప్పేను!" అని గోడకేసి చూస్తూ అరిచాడు.

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు తాతారావు స్తంభం కేసి చూస్తూ.

"సత్యా! ఆ కుంకుమ పిచ్చి మాని పంచి తియ్యమని చెప్పమన్నానా లేదా?"

అన్నాడు, నిజమే. ఆ మాట విన్నప్పుడు సత్యవేణి, మావగారు రోజూ పొద్దున్నే అత్తగారి ఫోటోకి పెట్టే కుంకుమ గురించి భర్త ఎత్తిపొడుస్తున్నాడనుకుంది. పోయిన తల్లి మీద పెట్టుకున్న ప్రేమని పిచ్చంటాడా, ఈ మాట నా నోటితో ఎలా చెప్పను, అనుకుని మింగేసింది. ముల్లుతోపాటు అసలు మాటనీ పారేసింది.

"చెప్పలేదండి," అంది.

తాతారావుకి కోపం వచ్చింది. బాధపడే మనిషికి కోపం ఎంత తొందరగా వస్తుందో! "వెళ్ళిపోవాలనుకుంటే వెళ్ళండమ్మా. కాకినాడ సంగతి నాకు తెలుసు. చెవులున్నాయి నాకు. నా బండి పాడుచేసి మరీ వెళ్ళాలా?"

ఆ మాట సత్యవేణికి సూటిగా తగిలింది. పెద్దవాళ్ళ ఎదుట గొంతెత్తి ఎరగని పిల్ల, ఆ పూట ఎత్తింది.

"వెళ్ళాలని నేనన్నానా అండీ? నన్నెవరడిగేరు? నెల్రోజుల్నుంచీ ఈ ఇంట్లో ప్రతి మాటా నా మీదుగానే వెళ్తోంది. ఒక్కటంటే ఒక్క మాట నాకోసం ఆగిందా? మీరు చెప్పిందీ ఆయనకే, ఆయన చెప్పిందీ మీకే. ఇదిగో అమ్మాయ్, ఇవి బొట్లు కావు, గుర్తులూ అని నాతో ఒక్కళ్ళన్నా అన్నారా? నేనేమన్నా తపాలా పెట్టెనా మావయ్యగారూ?"

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

తండ్రీ కొడుకులు గోడనీ స్తంభాన్నీ చూడటం మానేశారు. తాతారావు మెల్లిగా అడిగాడు. "లోపలివైపు మెటలు మీద రుద్దేవా అమ్మా?"

"లేదండి. పైనే తుడిచేను."

"బతికించేవు. అయితే వెతకొచ్చు." లేచి డబ్బాలు కదిపాడు. "షాఫ్టుకి రాసి, క్యాపుకి ఎక్కడ అంటుతోందో చూసే నీలం రంగు నిన్నటితో అయిపోయింది. దీపం మసి ఉంటే తేమ్మా. మెత్తటిదవ్వాలి, పలుకు ఉండకూడదు."

సత్యవేణి లోపలికెళ్ళి తన కాటుక భరిణె తెచ్చింది. ఆముదం దీపానికి పట్టి తనే నూరుకున్న కాటుక. తాతారావు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి తలూపాడు. బోర్లించిన ఇంజను దిమ్మలో షాఫ్టుని పడుకోబెట్టి, నున్నటి చోట కాటుక పల్చగా రాశాడు. పైన ఒక క్యాపు పెట్టి బోల్టులు బిగించాడు. షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. తిప్పే మనిషి అటు చివర ఉన్నాడు. తాతారావు అలవాటుగా కోడలికేసి తల తిప్పాడు. ఆమె కళ్ళింకా తడిగా ఉన్నాయి. మళ్ళీ అటు తిరిగాడు.

"తిప్పరా," అన్నాడు.

కేశవరావు తిప్పాడు. "పట్టేస్తోంది నాన్నా."

విప్పి చూస్తే, నలుపు ఒక అంచుకే అంటుకుంది. అది దాని చోటు కాదు. ముందు వెనకలు మార్చి పెట్టారు. కాదు. ఇంకోటి పెట్టారు. తిప్పు, ఆపు, కొంచెం వదులు చెయ్యి, ఇటు చూడు. తండ్రి గొంతూ కొడుకు గొంతూ ఎదురెదురుగా వెళ్తున్నాయి. మధ్యలో ఎవరూ లేరు. ఎండ అరుగెక్కే వేళకి ఒక క్యాపు లోపలంతా ఒకేలా నల్లబడి బయటికొచ్చింది.

"ఇదే!" అన్నారిద్దరూ ఒక్కసారే. అని, సిగ్గుపడి తలలు దించుకున్నారు.

మూడూ దొరికేసరికి మధ్యాహ్నం అయింది. వంట ఊసే ఎవరికీ లేదు. తాతారావు పంచి తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "కొట్టు."

"అమ్మ గుర్తులు..." అన్నాడు కేశవరావు. ఆ పొద్దున అంత అరిచినవాడికి ఇప్పుడు చెయ్యి ఆడలేదు.

"కుంకుమ చెరిగిపోద్దిరా, చూసేం కదా. అమ్మా సత్యవేణీ, ఇలా రా. ఇది రేడియేటరు వైపు. ఇటుపక్కే గుర్తుండాలి. ఇది మొదటిది, దీనికి ఒకటి పెట్టు. దీనికి రెండు. దీనికి మూడు. ఎందుకో తెలిసింది కదా?"

"ఆయ్," అంది సత్యవేణి.

ఆమె పెట్టిన ప్రతి బొట్టు మీదా కేశవరావు పంచి ఆనించి సుత్తితో ఒక్కో దెబ్బ వేశాడు. ఎర్రటి బొట్టు నడుమ ఇనుములో చిన్న గుంట పడింది. కాటుకంతా తుడిచి, నూనె పోసి, క్యాపులన్నీ బిగించారు. తాతారావు ఒక్క చేత్తో తోస్తే షాఫ్టు మెత్తగా తిరిగింది.

అప్పుడు ఎవరూ సంతోషించలేదు. ఇంజను బిగిస్తే తరవాతేమిటో ముగ్గురికీ తెలుసు. తాతారావు షాఫ్టు మీంచి కళ్ళెత్తకుండా అన్నాడు. "అమ్మా, మీ ఆయన్ని అడుగు. కాకినాడ ఎప్పుడెళ్తాడో."

"నేనడగనండి మావయ్యగారూ," అంది సత్యవేణి. గొంతులో కోపం లేదు. "ఇంక నేను మాటలు మొయ్యను. ఎదురుగుండానే ఉన్నారు. మీరే అడగండి."

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. "ఎప్పుడెళ్తావురా?"

"వెళ్ళమంటే రేపే."

"వెళ్ళమని నేనన్నానా?"

"ఉండమని కూడా అనలేదు కదా నాన్నా."

పెళ్ళివారి ఎదుట అంత సులువుగా మాట జారిన తాతారావు నోటికి ఈ చిన్నమాట రావడం ఎంత కష్టమైందో! "ఉండరా," అన్నాడు చివరికి. "ఆవేళ అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. ఉండిపోరా కేశవా."

కళ్ళు తుడుచుకున్నాడు. వేళ్ళకి కాటుకున్న సంగతి మర్చిపోయాడు. రెండు చెంపల మీదా నల్లటి చారలు దిగాయి. కేశవరావు నవ్వబోయి ఏడ్చేశాడు. దగ్గరికొచ్చి, తన భుజం మీది తువ్వాలుతో తండ్రి మొహం తుడవడం మొదలెట్టాడు. కాటుక ఒక పట్టాన పోతుందా? ఇంకా అలుక్కుపోయింది.

"నూనె చూసుకోలేదు నాన్నా ఆవేళ. తప్పు నాదే," అన్నాడు.

సత్యవేణి ఖాళీ అయిన భరిణె తీసుకుని, ఇద్దరికీ అన్నం వండడానికి లోపలికి వెళ్ళింది.