ట్యాంకు మీద టిఫిన్ డబ్బా

"ట్యాంకు మీద టిఫిన్ డబ్బా ఎవరు పెట్టిన్రు?"

రశ్మి నోట ఎల్లేష్ విన్న మొదటి మాట అది.

అబిడ్స్‌లో ఓ పాత భవనం డాబా మీద సోలార్ పలకలున్నాయి. అవి పగలు చేసిన కరెంటును పక్క షెడ్డులోని రెండు పెద్ద ట్యాంకుల ద్రవంలో దాచి, రాత్రి వాడుకుంటారు. ఫ్లో బ్యాటరీ అంటారు దాన్ని. దానికి ఆపరేటర్ ఎల్లేష్. కంపెనీ నుంచి నెలకోసారి వచ్చే ఇంజనీర్ రశ్మి.

"నేనే మేడం. ఈడ ఇంకో మనిషి లేడు గద," అన్నాడు.

నిజమే. పగలంతా పంపుల చప్పుడు, తర్వాత నాంపల్లిలో కిరాయి గది. పలకరించే దిక్కు లేదు.

వాడేకొద్దీ ద్రవం ఒక ట్యాంకులో పెరిగి, రెండోదాంట్లో తగ్గుతుంది. దాన్ని సమం చేయడానికే రశ్మి వచ్చేది. పని గంట, చాయ్‌తో కబుర్లు రెండు గంటలు. సరదాగా అతనికీ ఆ పని నేర్పింది.

ఆమె మెచ్చుకుంటుందని ఓ నెల తనే సమం చేసేశాడు. కంపెనీ మెచ్చుకుంది. ఇక ఇంజనీర్ రానక్కర్లేదని మెయిల్ పెట్టింది. అతని తెలివి తెల్లారినట్టే ఉంది!

వానలు మొదలయ్యాయి. మూడు నెలలు ఒంటరిగా చాయ్ తాగాడు. ఫోన్ చేద్దామంటే చెప్పుకోవడానికి ఒక్క రిపేరూ లేదు. నాలుగో నెల సమం చేయకుండా వదిలేస్తే ఆమెను పంపుతారేమో అనుకున్నాడు. కానీ కింద దవాఖానలో మందుల ఫ్రిజ్‌లు ఈ కరెంటుతోనే నడుస్తాయి. ఉసూరుమంటూ వాల్వు తిప్పాడు.

"మళ్ళా సమం చేసినవా?"

మెట్ల దగ్గర రశ్మి. వానలో తడిసి ముద్దయింది.

"ఒక్కసారన్న లెవెల్ తప్పుతదేమోనని ఆఫీసుల రోజూ స్క్రీన్ చూస్తున్న. జరంత కూడా తప్పనియ్యవేంది?"

"మీరే గద నేర్పిన్రు..."

"బుద్ధి తక్కువై నేర్పిన! బ్యాటరీకి నా అవసరం లేదంట. మరి నీకు?"

ఎల్లేష్ గుండె పంపులకన్నా గట్టిగా కొట్టుకుంది.

"ఉన్నది. మస్తున్నది. చెప్పే ధైర్యమే లేకుండె మేడం."

"ఇంకోసారి మేడం అన్నవంటే పోత."

"పోకు రశ్మీ."

ఆమె ముఖం తుడుచుకుని, బ్యాగులోంచి టిఫిన్ డబ్బా తీసి, ట్యాంకు మీద అతని డబ్బా పక్కన పెట్టింది.