లార్క్‌హిల్‌లో ఆగని బండి

"ఈ క్యాను బండెక్కదు. మూత వదులుగా ఉంది," అన్నాడు ఎమ్రిస్.

"వదులు మూత కాదు మాస్టారూ, మీ చేతులు," అంది తోరా. మీగడ క్యాను లాక్కుని, మోకాలితో అదిమి మూత బిగించింది.

లార్క్‌హిల్ స్టేషన్‌కు అతను కొత్త మాస్టరు. చుట్టూ కెనడాలోని సస్కాచెవాన్ గోధుమ చేలు. మధ్యలో ఎర్రరంగు చెక్క స్టేషన్, దాని మేడ మీద గదిలో ఒక్కడే ఉండేవాడు. ఎక్కేవాళ్ళో సరుకో ఉండి జెండా పెడితేనే బండి ఆగేది. పక్క పొలం నుంచి తోరా పట్నానికి పంపే మీగడ తెచ్చిన రోజే అతనికి పనీ, మాట్లాడే మనిషీ.

రెండు వేసవులు అలా పోట్లాటల్లోనే గడిచాయి. చలి మొదలయ్యేసరికి స్టేషన్ మూసేస్తున్నామని కబురొచ్చింది. ఎమ్రిస్‌ను ఎక్కడో దూరానికి బదిలీ చేశారు. చెక్క భవనాన్ని తోరా తండ్రి హాల్వర్ గాదె కోసం కొన్నాడు.

ఆఖరి రోజు ఎమ్రిస్ తన పెట్టె మీద కూర్చున్నాడు. తోరా సాగనంపడానికి వచ్చింది.

"ఇక నా గదిలో గోధుమలుంటాయన్నమాట."

"మీకంటే నయం. పోట్లాడవు."

"మాట్లాడవు కూడా."

"మీరు మాత్రం ఏం మాట్లాడారు?" అంది తోరా అటు తిరిగి.

దూరంగా పొగ కనిపించింది.

"బండొస్తోంది. జెండా పెట్టండి."

అతను కదల్లేదు.

"మాస్టారూ, జెండా."

"ఎక్కేవాళ్ళుంటేనే పెట్టాలి."

"మీరు ఎక్కరా?"

"నువ్వు వెళ్ళమంటే ఎక్కుతాను. చెప్పు, తోరా."

తోరా గోడకు ఆనించిన జెండా తీసి వీపు వెనక దాచుకుంది.

బండి కూత వేసి, ఆగకుండా పోయింది. దాంతో పాటు అతని ఉద్యోగమూ పోయింది.

భవనం కొలతలు చూస్తున్న హాల్వర్ తాడు చుట్టుకుంటూ మూల తిరిగి వచ్చాడు. పెట్టెనూ, ఇద్దరినీ చూశాడు.

"కోత పని తెలుసా అబ్బాయ్?"

"తెలీదండీ."

"అది నేర్పుతుందిలే. ఆ పెట్టె మళ్ళీ మేడెక్కించు. గోధుమలు కింది గదిలో పోసుకుంటాను."

ట్రాక్టర్లు స్టేషన్‌ను దుంగల మీద పొలానికి లాక్కుపోయాయి. మ్యాపుల్లోంచి లార్క్‌హిల్ పేరూ పోయింది. పెళ్ళయ్యాక కూడా ఎమ్రిస్ కొన్ని సాయంత్రాలు స్టేషన్ ఒకప్పుడున్న ఖాళీ నేల దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. తోరా వెతుక్కుంటూ వచ్చేది.

"ఎవరైనా దిగుతారనా?"

"ఎవరూ దిగరు."

"మరి పద, చలిగా ఉంది," అని ఆమె అతని చెయ్యి పట్టుకునేది.