తూచి ఇచ్చిన పాకెట్లు

కాటా కౌంటరు మీదే ఉంది. దాన్ని దాచాలని షాపు కుర్రాడికి తోచేసరికే డ్రిల్లు మాస్టారు దాని వంక చూసేశారు.

"ఏమోయ్, నీ దగ్గర ఇన్ని పాకెట్లు కొన్నాను, ఒక్క మెరుపు కార్డు పడలేదు. గ్రౌండులో అందరిదీ ఇదే గోల. కొంపదీసి తూస్తున్నావా ఏంటి?"

కుర్రాడికి బాబాయి మాట గుర్తొచ్చింది. గడియారాలు బాగుచేసే బాబాయి తన కొట్టులో సగం ఇస్తూ, "మాట వచ్చిన రోజు మూసేయాలి" అని ఒక్కటే షరతు పెట్టాడు. అతను అమ్మే ఆటగాళ్ళ బొమ్మల కార్డులు సీలు వేసిన పాకెట్లలో వస్తాయి; ఎక్కడో ఒకదాంట్లో అరుదైన మెరుపు కార్డు పడుతుంది. లోపల ఏముందో కొనేవాళ్ళకే కాదు, అమ్మేవాడికీ తెలియకూడదు. వ్యాపారమంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

"తూయడమేంటండీ?" అంది పక్కనే నిలబడ్డ అమ్మాయి. ఆమెది ఎదుటి కళ్ళద్దాల షాపులో ఉద్యోగం. పని అవగానే వచ్చి రోజుకో పాకెట్ కొనుక్కెళుతుంది.

"మెరుపు కార్డు కాస్త మందం తల్లీ. అదున్న పాకెట్ రవ్వంత బరువు తూగుతుంది. దొంగ షాపువాళ్ళు బరువైనవి నొక్కేసి తేలికవి మనకి అంటగడతారు."

"ఈయన అలాంటివారు కాదండీ" అందామె వెంటనే.

ఆ మాటకి అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే తూస్తున్నాడు మరి. పార్సిళ్ళ కోసం కొన్న కాటా మీద ప్రతి పాకెట్టూ పెడుతూనే ఉన్నాడు. బరువైనవి దాచుకోలేదు, ఎక్కువకి అమ్ముకోనూ లేదు. అన్నీ ఆమెకే ఇచ్చాడు. ఇంటికెళ్ళి విప్పినప్పుడు ఆమె మొహం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుంటూ కూర్చునేవాడు, పిచ్చిమొహం.

"రేపొస్తా. సరైన జవాబు లేకపోతే నలుగురికీ చెప్పేస్తా" అని మాస్టారు వెళ్ళిపోయారు.

ఆ పూట అన్నం సహించలేదు. షాపు పోతుందన్న భయం ఒకటి, ఆమెకి తెలిసిపోతుందన్న భయం ఒకటి. రెండోదే ఎక్కువ పీకింది.

మర్నాడు మాస్టారు అన్నట్టే వచ్చారు. వెనకే ఆమె, చేతిలో నిండు సంచితో.

"మాస్టారూ, ఇవన్నీ ఇక్కడ కొన్నవే. ఒక్కటీ విప్పలేదు. మీ ముందే విప్పుతాను. మెరుపు కార్డు వస్తే ఈయన తప్పు లేదని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా. కానీయ్."

బాబాయి పని ఆపి తలెత్తాడు. ఆమె పైనున్న పాకెట్ చింపింది. తళుక్కుమంటూ కార్డు బయటపడింది.

"చాల్లే తల్లీ. నేనే తొందరపడ్డాను" అన్నారు మాస్టారు.

గండం గడిచింది. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆమె తనే నెగ్గినట్టు అతని వంక చూసింది. ఆ చూపు తట్టుకోవడం అతనివల్ల కాలేదు.

"మిగతావీ విప్పండి" అన్నాడు. "అన్నిట్లోనూ ఉంటుంది. నేను తూచాను. బరువైనవన్నీ మీకే ఇచ్చాను."

బాబాయి వచ్చి కాటా తీసుకుని తన బల్ల కింద పడేశాడు.

"షాపు మూసేయనా బాబాయ్?"

"నన్నెందుకు అడుగుతావ్? మోసపోయింది ఆయన. ఆయన్నడుగు."

మాస్టారు సంచి వైపు వేలు చూపించారు. "నీ నోటితో నువ్వే చెప్పావు కాబట్టి ఊరుకుంటున్నా. మా గ్రౌండువాళ్ళకీ నువ్వే వచ్చి చెప్పు. ఆ పాకెట్లన్నీ నా కళ్ళముందే మిగతా పాకెట్ల డబ్బాలో కలిపేయ్."

ఆమె సంచి కౌంటరు మీద బోర్లించి, తల తిప్పుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయింది. అయిపోయింది, ఇక రాదు అనుకున్నాడు.

"నాకీ ఆటే తెలీదు. కార్డు మీద ఎవరున్నారో కూడా తెలీదు" అంది, అటు తిరిగే.

"మరి రోజూ ఎందుకు కొన్నారు?"

"ఏదో ఒకటి కొనకపోతే ఎందుకొచ్చావని అడుగుతారేమోనని భయమేసింది."

అతను గుమ్మం వైపు ఓ అడుగు వేశాడు. "రేపు?"

"రేపు ఊరికే వస్తాను" అంది. "అడక్కండి."